కాంట్రాక్టర్ వెనుక ఉన్న సంతకం: టెండర్ పిలిచే సంస్థ బాధ్యతలేమిటి?

మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుడు ఊపిరాడక చనిపోతే మరుసటి రోజు వినిపించే వివరణ దాదాపు ఒకేలా ఉంటుంది. అతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ పెట్టుకున్న మనిషి అంటారు. ప్రభుత్వ ఆస్పత్రి స్వీపర్లకు మూడు నెలలు జీతం రాకపోతే, ఏజెన్సీని అడగండి అంటారు. ఎస్సీ కాలనీలో వేసే సీసీ రోడ్డు పని అదే కాలనీలో లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌కు ఎందుకు రాలేదని అడిగితే, టెండర్ ఆన్‌లైన్‌లో జరిగింది, తక్కువ కోట్ చేసినవాళ్లకు వెళ్లింది అంటారు.

ఈ మూడు జవాబుల్లోనూ ఒక సంస్థ తెలివిగా తప్పుకుంటోంది. ఆ పని ఎంత పెద్దదిగా ఉండాలో, ఎవరు పోటీ పడొచ్చో, మనిషికి ఎంత కూలి లెక్క కట్టాలో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి సంతకం పెట్టింది ఆ సంస్థే. అదే టెండర్ పిలిచే సంస్థ. కాంట్రాక్టర్ వచ్చాక దాని పని అయిపోయినట్టు మనకు కనిపిస్తుంది. చట్టం మాత్రం అలా చెప్పడం లేదు. టెండర్‌కు ముందు, టెండర్‌లో, టెండర్ తర్వాత ఈ సంస్థకు ఉన్న బాధ్యతలేమిటో, వాటిని దళిత ఉద్యమాలు ఎక్కడ పట్టుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎవరీ టెండర్ పిలిచే సంస్థ?

ప్రభుత్వ డబ్బుతో వస్తువు కొనడానికి, పని చేయించడానికి, సేవ తీసుకోవడానికి ఒప్పందం చేసుకునే ప్రతి కార్యాలయం ఇందులోకి వస్తుంది. మున్సిపాలిటీ, జలమండలి, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం, యూనివర్సిటీ, రైల్వే డివిజన్, ప్రభుత్వ రంగ కంపెనీ అన్నీ ఇందులో భాగమే. నోటీసు మీద కమిషనర్ పేరో, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ పేరో, సూపరింటెండెంట్ పేరో ఉంటుంది. సంతకం ఆ అధికారిదే అయినా బాధ్యత సంస్థది.

ప్రభుత్వ కొనుగోళ్లన్నిటికీ వర్తించే ఒకే చట్టం దేశంలో లేదు. 2012లో లోక్‌సభలో పెట్టిన పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో తమ సొంత టెండర్ చట్టాలు చేసుకున్నాయి. కేంద్ర శాఖలు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ప్రకారం నడుస్తాయి. వాటిలో 144వ నియమం కొనే అధికారి మీద పొదుపు, పారదర్శకత బాధ్యతతో పాటు సరఫరాదారులందరినీ న్యాయంగా, సమానంగా చూసే బాధ్యత కూడా పెడుతుంది. మిగతా రాష్ట్రాల్లో ఎక్కువ భాగం జీవోల మీదా, శాఖల కోడ్‌ల మీదా నడుస్తుంది.

కోర్టులు కూడా కొన్ని హద్దులు గీశాయి. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో, సంస్థ తాను పెట్టిన అర్హత షరతులకు తానే కట్టుబడి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1994లో టాటా సెల్యులార్ కేసులో, టెండర్ నిర్ణయం ఎలా జరిగిందన్నదే కోర్టు చూస్తుందని, అధికారి స్థానంలో తాను కూర్చోదని చెప్పింది. దీని అర్థం ఒకటే. షరతులు రాసే దశలో సంస్థకు చాలా స్వేచ్ఛ ఉంది. టెండర్ ఖరారయ్యాక కోర్టుకు వెళ్లి గెలవడం కష్టం. కాబట్టి మన దృష్టి షరతులు రాసే దశ మీదే ఉండాలి.

టెండర్ తెరవకముందే తేలిపోయేవి

టెండర్‌లో కులం పేరు ఎక్కడా ఉండదు. అర్హత పేజీలో ఉండేవి అంకెలే. గత మూడేళ్లలో ఇంత టర్నోవర్, ఇలాంటి పని ఇంత విలువకు చేసిన అనుభవం, ఇంత ధరావతు, సొంత యంత్రాలు, బ్యాంకు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ అడుగుతారు. తరతరాలుగా భూమి, బ్యాంకు పరపతి, కాంట్రాక్టుల్లో చుట్టరికాలు ఉన్నవాళ్లకు ఇవి మామూలు కాగితాలు. మొదటి తరం దళిత కాంట్రాక్టర్‌కు ఇవే గోడలు. పని ఇస్తేనే అనుభవం వస్తుంది, అనుభవం ఉంటేనే పని ఇస్తారు.

అన్నిటికంటే పెద్ద గోడ ప్యాకేజీ సైజు. పది వార్డుల పనిని పది టెండర్లుగా పిలిస్తే చిన్న కాంట్రాక్టర్లు రాగలరు. అన్నీ కలిపి ఒకటి చేస్తే పెద్ద కంపెనీ తప్ప ఎవరూ రాలేరు. చిన్నవాళ్లు చివరికి ఆ కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్లుగా తేలతారు. ఐరోపా యూనియన్ 2014లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశం ప్రకారం, పనిని చిన్న భాగాలుగా విడగొట్టకపోతే ఎందుకు విడగొట్టలేదో సంస్థ రాసి పెట్టాలి. మన దగ్గర ఫైలులో ఆ కారణం రాయించడం ఒక మంచి డిమాండ్ అవుతుంది.

షరతు మారితే ఫలితం మారుతుందనడానికి హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. 2017లో హైదరాబాద్ జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మురుగు కాల్వలు శుభ్రం చేసే ఈ యంత్రాల కాంట్రాక్టులను దళిత యజమానులకు దక్కేలా రూపొందించారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ జల్ బోర్డు 200 యంత్రాలతో ఇదే దారి పట్టింది. పారిశుధ్య పనిలో చనిపోయినవారి కుటుంబాలకు, ఆ పనిలో ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చింది, బ్యాంకు రుణం ఏర్పాటు చేసింది. తాతల నుంచి మురుగులో దిగిన కుటుంబాలు యంత్రం యజమానులు కావడానికి కొత్త చట్టమేమీ అవసరం కాలేదు. టెండర్ పిలిచే సంస్థ తన షరతులు మార్చుకుంది, అంతే. అయితే యజమాని దళితుడైనంత మాత్రాన ఆ యంత్రం మీద పనిచేసే కూలీ భద్రత తనంతట తాను రాదు. ఆ సంగతి కింద చూద్దాం.

4 శాతం కథ

కేంద్ర ప్రభుత్వం సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2012లో కొనుగోళ్ల విధానం ప్రకటించింది. అది ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి, 2015 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా చేసే కొనుగోళ్లలో 20 శాతం ఈ సంస్థల నుంచి కొనాలి. 2019 ఏప్రిల్ నుంచి దాన్ని 25 శాతం చేశారు. అందులోనే మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళల నుంచి కొనాలి. భాగస్వామ్య సంస్థ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా కనీసం 51 శాతం వాటా ఎస్సీ, ఎస్టీలదే ఉండాలి. టెండర్ పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు ఉంటుంది. అతి తక్కువ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న సంస్థ, ఆ తక్కువ ధరకు ఒప్పుకుంటే, కొంత భాగం సరఫరా చేసే అవకాశం ఇస్తారు.

కాగితం మీద బాగానే ఉంది. అమలులో ఎస్సీ, ఎస్టీల వాటా చాలా ఏళ్లపాటు ఒక శాతానికి అటూ ఇటూగానే తిరిగింది. 2016లో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ పెట్టినా ఆ దూరం పూర్తిగా తరగలేదు. దీనికి కారణాలు విధానం లోపలే ఉన్నాయి.

ఒకటి, ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులకు తూగకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి కొని పూర్తి చేసుకోవచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది. అంటే ఎవరూ రాలేరన్నట్టు షరతులు పెట్టిన సంస్థే, ఎవరూ రాలేదని రాసుకుని బయటపడవచ్చు. ఉద్యోగాల్లో ఖాళీలను బ్యాక్‌లాగ్‌గా లెక్కపెడతాం. ఇక్కడ అలాంటి లెక్కే లేదు.

రెండు, ఈ విధానం వస్తువులకు, సేవలకే పరిమితం. రోడ్లు, భవనాలు, డ్రైనేజీ వంటి వర్క్స్ కాంట్రాక్టులు ఇందులోకి రావు. మూడు, రాష్ట్ర ప్రభుత్వాలు, మున్సిపాలిటీలు దీని పరిధిలో లేవు.

వర్క్స్‌లో ఏం చేయవచ్చో కర్ణాటక చూపించింది. టెండర్ చట్టాన్నే సవరించి, 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం రిజర్వ్ చేసింది. 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2019లో, నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం కేటాయిస్తూ చట్టాలు చేసింది. తేడా గమనించాలి. కర్ణాటక పోటీ టెండర్‌లోకి వెళ్లింది, ఆంధ్ర చట్టం టెండర్ లేని పనులకే పరిమితమైంది.

కూలి లెక్క ఎక్కడ మొదలవుతుంది?

పని దక్కించుకోవడం ఒక ప్రశ్న. ఆ పని చేసే మనిషికి ఏం దక్కుతుందన్నది మరో ప్రశ్న. సంఖ్యలో చూస్తే దళితులకు రెండోదే పెద్దది. కేంద్రం నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలేనని 2024లో వెల్లడైంది.

అవుట్‌సోర్సింగ్ టెండర్‌లో కార్మికుడి జీతం కాంట్రాక్టర్ దయ మీద ఆధారపడినట్టు అనిపిస్తుంది. నిజానికి అది సంస్థ తయారుచేసే అంచనాలోనే మొదలవుతుంది. తెలంగాణలో 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం అవుట్‌సోర్సింగ్ సిబ్బందిలో కింది శ్రేణికి నెలకు 15,600 రూపాయలు. దాన్నే తీసుకుని లెక్క వేద్దాం.

పీఎఫ్‌కు చట్టబద్ధ పరిమితి 15,000. దాని మీద యజమాని వాటా, పాలనా ఖర్చు, బీమా కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, అంటే 507. మొత్తం 18,057 రూపాయలు. బోనస్, సెలవు రోజున వచ్చే బదిలీ మనిషి ఖర్చు, చీపుర్లు, గ్లవ్స్, జీఎస్టీ, ఏజెన్సీ కమీషన్ ఇందులో కలపలేదు. కార్మికుడి వైపు నుంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 117 పోగా చేతికి 13,683 రావాలి.

ఇప్పుడు మనిషికి 18,057 కంటే తక్కువకు ఒక ఏజెన్సీ కోట్ చేసి టెండర్ గెలిచిందనుకుందాం. ఆ తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పీఎఫ్ కట్టకుండా, లేదా ముప్పై మంది పనిని ఇరవై మందితో చేయించి, లేదా జీతంలో కొంత వెనక్కి తీసుకుని రాబట్టాలి. ఆ బిడ్‌ను ఆమోదించిన సంస్థకు ఈ లెక్క తెలియదని అనలేం. అతి తక్కువ ధర బిడ్ ఎల్-1 కావచ్చు, కానీ చట్టం ఉల్లంఘించకుండా అది సాధ్యమేనా అని అడగడం సంస్థ పని. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో కార్మిక షరతులు ఉండాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 94వ ఒప్పందం 1949 నాటిది. భారత్ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

'మా ఉద్యోగి కాదు' అనే మాట ఎంతవరకు చెల్లుతుంది?

కాంట్రాక్ట్ లేబర్ చట్టం, 1970 పని చేయించుకునే సంస్థకు ప్రధాన యజమాని అని పేరు పెట్టింది. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమానే ఇచ్చి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టర్ బిల్లులోంచి రాబట్టుకోవాలని 21వ సెక్షన్ చెప్పింది. జీతాలు పంచే చోట సంస్థ ప్రతినిధి హాజరై ధ్రువీకరించాలని కూడా అందులోనే ఉంది. మంచినీళ్లు, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స కాంట్రాక్టర్ కల్పించకపోతే సంస్థ కల్పించాలని 20వ సెక్షన్ చెప్పింది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో ఈ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్, 2020 వచ్చింది. జీతం విషయంలో ప్రధాన యజమాని బాధ్యత 55వ సెక్షన్‌లో కొనసాగింది. సంక్షేమ సౌకర్యాలు నేరుగా ప్రధాన యజమాని బాధ్యతే అయ్యాయి. నష్టం మరోచోట ఉంది. కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు వర్తించాలంటే ఇదివరకు 20 మంది ఉంటే సరిపోయేది, ఇప్పుడు 50 మంది కావాలి. ప్యాకేజీని 49 మందికి కుదించే ప్రమాదం ఉంది. చిన్న ప్యాకేజీలు దళిత కాంట్రాక్టర్లకు మేలు అన్నాం. అవే కార్మికుల రక్షణ తప్పించే దారి కాకూడదు. అలాంటి చోట వేతనాల కోడ్ 43వ సెక్షన్ ఉపయోగపడుతుంది. యజమాని జీతం ఇవ్వకపోతే ఆ స్థాపన ఎవరిదో వాళ్లే బాధ్యులని అది చెబుతుంది.

కొత్త కోడ్‌లో ఇంకో మలుపు ఉంది. సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్ట్ కార్మికులను పెట్టకూడదంటూనే, మినహాయింపుల జాబితాలో మొట్టమొదట ఊడ్చడం, శుభ్రం చేయడం, చెత్త ఎత్తడం చేర్చారు. అయితే ఆ సంస్థ ఏర్పడిందే ఆ పని కోసం కాకపోతేనే ఈ మినహాయింపు వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఊడ్చడం ప్రధాన పని కాదు. మున్సిపాలిటీ ఉన్నదే ఊరిని శుభ్రంగా ఉంచడానికి కదా? రాబోయే రోజుల్లో కార్మిక సంఘాలు ఎక్కువగా వాదించాల్సిన ప్రశ్న ఇదే.

పర్మినెంట్ చేసే విషయంలో మాత్రం దారి ఇరుకు. కాంట్రాక్ట్ విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు సంస్థ ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్ట్ ఉత్తుత్తిదని రుజువైతేనే వాళ్లు సంస్థ మనుషులు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్‌తో మధ్యలోని ఏజెన్సీలను తొలగించి, జీతాలు ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. దళారీ కోత తగ్గించడానికి ఇది ఒక మార్గమే. కానీ కార్మికుడు అవుట్‌సోర్సింగ్ మనిషిగానే మిగిలాడు. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది పర్మినెంట్, సమాన వేతనం డిమాండ్లతోనే.

మురుగు కాల్వ టెండర్‌లో ఉండాల్సిన షరతు

2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఏ వ్యక్తీ, స్థానిక సంస్థా, ఏజెన్సీ ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ప్రమాదకర పద్ధతిలో మురుగు కాల్వ, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించకూడదు. 'పరోక్షంగా' అన్న ఆ ఒక్క మాట కాంట్రాక్టర్ అనే తెరను తీసేస్తుంది. మొదటిసారి తప్పుకు రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శుభ్రం చేయడానికి యంత్రాలు వాడే బాధ్యత 33వ సెక్షన్ స్థానిక సంస్థల మీదే పెట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఎస్సీ, ఎస్టీ వ్యక్తితో మాన్యువల్ స్కావెంజింగ్ చేయించడాన్నే కాదు, చేయడానికి అనుమతించడాన్ని కూడా నేరంగా చూస్తుంది.

2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి మురుగు మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న బల్రామ్ సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. వైకల్యం కలిగితే కనీసం 10 లక్షలు, అది శాశ్వతమై బతుకుదెరువు పోతే కనీసం 20 లక్షలు ఇవ్వాలంది. పరిహారం మాట అందరికీ తెలిసింది. అదే తీర్పులో టెండర్ పిలిచే సంస్థల కోసం ఉన్న ఆదేశం మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. కాంట్రాక్టుల కోసం ఒక నమూనా ఒప్పందం తయారు చేయాలని, 2013 చట్టం ప్రమాణాలు అందులో ఉండాలని, దుర్ఘటన జరిగితే ఆ ఏజెన్సీ కాంట్రాక్ట్ కోల్పోవాలని, బ్లాక్‌లిస్టులో కూడా చేర్చవచ్చని కోర్టు చెప్పింది. ఈ నమూనాను రాష్ట్రాలన్నీ వాడాలంది.

కాబట్టి మీ ఊరి మున్సిపాలిటీ ఇప్పుడు పిలిచే డ్రైనేజీ టెండర్‌లో ఈ షరతు లేకపోతే, ప్రాణం పోయేవరకు ఆగాల్సిన పని లేదు. షరతు లేకపోవడమే ప్రశ్నించాల్సిన విషయం.

ఏం అడగాలి?

సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక దరఖాస్తు చాలు. తెలుగు రాష్ట్రాల్లో రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ఒక్కో కాంట్రాక్టుకు ఈ ప్రశ్నలు అడగండి:

1. అంచనా పత్రం నకలు. అందులో మనుషుల సంఖ్య, ఒక్కొక్కరికి కట్టిన కూలి, పీఎఫ్, ఈఎస్ఐ వివరాలు.
2. పనిని ఒకే ప్యాకేజీగా పిలవడానికి ఫైలులో రాసిన కారణం. టర్నోవర్, అనుభవం షరతులు నిర్ణయించిన నోట్.
3. వచ్చిన బిడ్లన్నిటినీ పోల్చిన పట్టిక.
4. ఒప్పందం పూర్తి నకలు. అందులో భద్రతా పరికరాలు, ప్రమాద పరిహారం, కాంట్రాక్ట్ రద్దు షరతులు.
5. ప్రతి నెలా బిల్లుతో జతచేసిన హాజరు, జీతాల చెల్లింపు, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ల నకళ్లు.
6. జీతం ఆలస్యమైనప్పుడు ప్రధాన యజమానిగా సంస్థ తీసుకున్న చర్య.
7. కేంద్ర సంస్థ అయితే, గత మూడేళ్ల మొత్తం కొనుగోళ్లు, అందులో ఎస్సీ, ఎస్టీ సంస్థల నుంచి కొన్న విలువ.
8. బల్రామ్ సింగ్ తీర్పు ప్రకారం నమూనా ఒప్పందం అమలుకు తీసుకున్న చర్య.

కాంట్రాక్టర్ వ్యాపార రహస్యం అని తిరస్కరించవచ్చు. పని అప్పగించాక ఒప్పందం ప్రభుత్వ పత్రం, డబ్బు ప్రజలది అని అప్పీలులో వాదించండి. వ్యక్తిగత సమాచారం అన్న సాకుతో తిరస్కరించడం డేటా రక్షణ చట్టం వచ్చాక సులువైంది. కార్మికుల ఖాతా నంబర్లు అడక్కుండా ఎంతమందికి, ఎంత కట్టారో అడిగితే ఆ సాకు నిలవదు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వాలన్న 8(2) సెక్షన్ ఇంకా ఉంది. 2(జె) సెక్షన్ కింద పనిని, రికార్డులను నేరుగా తనిఖీ చేసే హక్కు కూడా మనకుంది. విద్యార్థులు తమ యూనివర్సిటీ హాస్టల్ పారిశుధ్య కాంట్రాక్టుతోనే మొదలుపెట్టవచ్చు. అక్కడ ప్రధాన యజమాని రిజిస్ట్రార్ కార్యాలయమే.

కాంట్రాక్టర్లు రెండేళ్లకొకసారి మారతారు. పాత ఏజెన్సీ బకాయిలు ఎగ్గొట్టి పోతుంది, కొత్త ఏజెన్సీ పాత కార్మికులను మా వాళ్లు కాదంటుంది. ఊడ్చేవాళ్లు మారరు, టెండర్ పిలిచే సంస్థా మారదు. మన దరఖాస్తు, మన ధర్నా, మన కేసు ఆ మారని సంస్థ గుమ్మం దగ్గరే మొదలవ్వాలి.